రోగానికీ ఒక పోస్టింగు

మళ్లీ అదే మాట మొదలైంది: జీవనశైలి రోగం. మాజీ సైనికుడు బీపీ అన్నా, షుగర్ అన్నా, గుండె అన్నా ఢిల్లీలో ఫైలు పట్టుకున్నవారి దగ్గర జవాబు సిద్ధం. నీ తిండి, నీ నిద్ర, నీ అలవాట్లు సరిగా లేవు నాయనా, మధ్యలో సర్కారేం చేసింది? డిజెబిలిటీ పెన్షన్ కోసం ఫౌజీలు రోగాలు పెంచి పోషిస్తున్నారని టీవీల్లో చెప్పడం కూడా ఈమధ్య దేశభక్తిలో భాగమైపోయింది. 2023 సెప్టెంబరు 21న వచ్చిన నిబంధనలైతే పింఛనులోని వైకల్య భాగానికి పేరే మార్చేశాయి. ఇప్పుడది ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’. పింఛను అంటే హక్కు, నిలదీసి పుచ్చుకోవచ్చు. రిలీఫ్ అంటే వరదలొచ్చినప్పుడు పడవ మీంచి విసిరే పులిహోర పొట్లం. అందితే అందినట్టు.

జీవనశైలి అన్నారు కాబట్టి అది ఎవరి శైలో చూద్దాం. భర్తీ ర్యాలీలో కుర్రాణ్ని చూసినంత నిశితంగా సంతలో ఎద్దును కూడా చూడరు. 1.6 కిలోమీటర్లు గడియారం పెట్టి పరిగెత్తిస్తారు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. పళ్లకు పాయింట్లు, 14కు తగ్గితే ఇంటికి. మోకాళ్లు ఒకదానికొకటి తగిలితే ఇంటికి, అరికాలు చదునుగా ఉంటే ఇంటికి. ఇంత జల్లెడ పట్టి, సొంత డాక్టరు చేత ‘ఫిట్’ అని రాయించుకున్నాక ఆ ఒళ్లు సర్కారుది. ఎన్నింటికి లేవాలో, ఎంత దూరం ఉరకాలో, ఏ రాత్రి గార్డు డ్యూటీలో మేలుకోవాలో వాళ్లే చెబుతారు. లంగర్లో పప్పెంత, నూనెంత అన్నది రేషన్ స్కేలు గ్రాములతో సహా తేలుస్తుంది. సెలవు మంజూరైతేనే పెళ్లాం ముఖం. నడుం చుట్టుకొలత పెరిగితే మందలింపు. ఆఖరికి రమ్ము కూడా క్యాంటీన్ కోటాలోనే, రాయితీ ధరకే. ఇలా పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో నడిచాక బీపీ వస్తే, అదొక్కటీ మాత్రం అతగాడి స్వార్జితం! ఉమ్మడి ఆస్తంతా పెద్దాయన పేరిట ఉంచి, అప్పు ఒక్కటీ చిన్నోడి వాటాకు రాసే పంపకాలు మన ఊళ్లలో చూశాం. వాటికి కూడా ఇంత ధైర్యం ఉండేది కాదు.

అన్నింటిలోకీ నాకు బాగా నచ్చింది చిరునామా సిద్ధాంతం. మెడికల్ బోర్డు పట్టించుకునేది రోగం ఎలా వచ్చిందని కాదు, ఎక్కడ బయటపడిందని. ఫీల్డులోనా, పీస్ స్టేషన్లోనా? సియాచిన్‌లోనో, ఉగ్రవాదుల వేటలో ఉన్న యూనిట్‌లోనో బయటపడితే ఆలోచిస్తారు. జబల్పూర్‌లోనో సికింద్రాబాద్‌లోనో బయటపడితే, పీస్‌లో మొదలైంది కాబట్టి సర్వీసుకు సంబంధం లేదని రాసి సంతకం పెడతారు. అంటే రక్తనాళాలకు కూడా మూవ్‌మెంట్ ఆర్డర్లు ఉంటాయన్నమాట. మంచులో ఉన్నంతకాలం రక్తపోటు అటెన్షన్‌లో నిలబడి ఉంటుంది. జవాను కొండ దిగి, రైలెక్కి, సికింద్రాబాద్ స్టేషన్లో నల్ల ట్రంకు పెట్టె దింపుకుని, తిరుమలగిరి క్వార్టరు తాళం తీసి, భార్య చేతి కాఫీ తాగాక అప్పుడడుగుతుంది, ‘సాబ్, ఇక నేను పెరగొచ్చా?’ అని.

ఈ సిద్ధాంతంలో ఇంకో సొగసుంది. బీపీ ఉందని తెలియాలంటే కొలవాలి. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున పోస్టులో ఉన్నవాడికి తల పగిలిపోతుంటే ఎత్తు వల్ల అంటారు, నిద్ర పట్టకపోతే ఎత్తు వల్ల అంటారు, ఆయాసం వస్తే ఎత్తు కాక మరేమిటంటారు. తీరిగ్గా కూర్చోబెట్టి పరీక్షలు చేసేది కిందికి వచ్చాకే. కాబట్టి రోగం ఏ కొండ మీద పుట్టినా, దాని బర్త్ సర్టిఫికెట్ మాత్రం పీస్ స్టేషన్ మున్సిపాలిటీ ఇస్తుంది. కొండ మీద ఉన్నప్పుడు ప్రతి లక్షణానికీ కొండే కారణం, పింఛను దగ్గరికి వచ్చేసరికి కొండకు ఏ పాపమూ తెలియదు.

సరే, పీసే అనుకుందాం. అదేమైనా అత్తారిల్లా? అక్కడా తెల్లవారక ముందే పీటీ, అక్కడా రాత్రి గార్డు, అక్కడా నెలల తరబడి ఎక్సర్‌సైజులు. ఎక్కడో వరదొస్తే పడవలెక్కేదీ, అల్లర్లయితే లారీలెక్కేదీ ఈ పీస్ వాళ్లే. రెండు మూడేళ్లకు మళ్లీ ఫీల్డుకు పొమ్మనే కాగితం వస్తుందని తెలిసి ఎదురుచూడటం పేరు పీస్. పీస్ స్టేషన్లో బయటపడిందన్న ఒక్క కారణంతో షుగర్‌కు సర్వీసుతో సంబంధం లేదనకూడదని 2025లో ఢిల్లీ హైకోర్టు విడమరిచి చెప్పింది. సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరలేదు. దీనికో తమ్ముడున్నాడు, ‘కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్’ అని. రాజ్యాంగ సంక్షోభం అనుకునేరు, కాదు. జవాను శరీర తత్వంలోనే ఉంది, మాకేం తెలియదు అని దాని భావం. భర్తీ నాడు పన్ను పన్నూ లెక్కపెట్టినవారికి ఆ తత్వం ఎందుకు కనపడలేదో ఏ బోర్డూ రాయదు.

సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు అని కొట్టే ముద్రకు ఫౌజులో ఇంగ్లిష్ పొడి అక్షరాల పేరు ‘నానా’. తెలుగులో ఆ మాటకు యాతన అనో, తంటా అనో తోక ఉండాలి. తోకను జవానుకు వదిలేశారు. నవ్వు ఇక్కడిదాకానే. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరాడు. తొమ్మిదేళ్ల సర్వీసయ్యాక మూర్ఛ వచ్చిందని 1994లో, 20 శాతం శాశ్వత వైకల్యంతో, ఇంటికి పంపారు. రోగం సర్వీసు వల్ల కాదన్నారు. చేరేటప్పుడు ఆ రోగం ఉన్నట్టు మీరే రాయలేదు కాబట్టి అది సర్వీసులో వచ్చినట్టే లెక్క, కాదని రుజువు చేయాల్సింది మీరే తప్ప అతను కాదు అని సుప్రీంకోర్టు చెప్పింది 2013 జులైలో. మధ్యలో పంతొమ్మిదేళ్లు. పైగా కోర్టు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. రుజువు భారం జవాను మీద పెట్టకూడదని, అనుమానం ఉంటే లాభం అతనికే ఇవ్వాలని 1982 నాటి సర్కారు సొంత నిబంధనల్లోనే ఉంది. తాము రాసుకున్న నిబంధనను తమకే చదివి వినిపించడానికి ఒక మూర్ఛ రోగి సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది. ఇది సిగ్గుచేటు. ఇంతకంటే మర్యాదగా చెప్పే పదం నాకు అక్కర్లేదు.

పోనీ అంతటితో బుద్ధి వచ్చిందా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. రక్షణ మంత్రిగా మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీ, వికలాంగ సైనికుల మీద సర్కారు పెట్టిన అప్పీళ్లను వెనక్కి తీసుకోమని 2015లోనే చెప్పింది. పదేళ్ల తర్వాత, 2025 జులైలో, సాయుధ దళాల ట్రైబ్యునల్లో గెలిచిన సైనికుల మీద కేంద్రం వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు ఒక్క తీర్పుతో వందల్లెక్కన కొట్టేసింది. డిజెబిలిటీ పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. శత్రువు మీద ఇంత పట్టుదల చూపితే ఎవరైనా మెచ్చుకుంటారు.

దీనికి వాళ్ల జవాబు కాగ్ నివేదిక. 2015-16 నుంచి 2019-20 దాకా ఏటా రిటైరైన అధికారుల్లో 36 నుంచి 40 శాతం మంది డిజెబిలిటీ పెన్షన్ పొందారు, జవాన్లలో 15 నుంచి 18 శాతం. అంకెలు నిజమే. ఇందులో అధికారులంతా దొంగలని ఎవరైనా చదువుకుంటే, యాభై దాటాక దిగేవాడి ఒంటికీ, నలభై లోపే ఇంటికెళ్లే సిపాయి ఒంటికీ తేడా ఉండదా అని ముందు ఆలోచించాలి. అది పోయాక కూడా కొంత మోసం మిగులుతుందనే అనుకుందాం. చివరి ఏడాదిలో హఠాత్తుగా చెవుడు తెచ్చుకున్న పెద్ద హోదా వాళ్లు ఉంటే ఉండొచ్చు, వాళ్ల మీద నాకేం జాలి లేదు. కానీ ఆ చెవుడును ధ్రువీకరించింది సర్కారు డాక్టర్లే కదా, సర్కారు ఆసుపత్రిలోనే కదా. పట్టుకోవాల్సింది ఆ బోర్డును, ఆ సంతకాన్ని. అది వదిలేసి హవల్దారు బీపీని నిబంధన మార్చి కొట్టేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమే. పైగా ఎలుక తప్పించుకునే ఇల్లు ఇది. పెద్ద హోదా వాడికి వకీలు దొరుకుతాడు. తెలుగు జిల్లాల నుంచి చెన్నై ట్రైబ్యునల్ బెంచికి తిరగాల్సిన నాయక్‌కు రైలు ఛార్జీలే భారం.

బీపీ బ్యాంకు గుమాస్తాకూ వస్తుంది కదా అంటారు ఇంకొందరు. వస్తుంది. గుమాస్తా ఉద్యోగం మానేయొచ్చు, బదిలీ వద్దని యూనియన్‌తో ధర్నా చేయించొచ్చు, పొద్దున్నే లేవను పొమ్మనొచ్చు. ఈ మూడింటిలో ఏది చేసినా జవాను నిలబడేది కోర్ట్ మార్షల్ ముందు. యూనియన్ పెట్టుకునే హక్కు కూడా లేకుండా చేసి తీసుకున్న మనిషితో, అందరికీ వచ్చేదేలే అనడానికి నోరెలా వస్తుంది?

ఖజానా సంగతా? నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, అదే కొలత. బీపీకి 30 శాతం వైకల్యం రాస్తే దాన్ని 50గా సవరించి లెక్కగట్టే పద్ధతి ఉంది. సర్వీసు పూర్తిచేసి దిగినవారికీ అది వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టే చెప్పింది. చివరి జీతం నలభై వేలనుకుంటే నెలకు ఆరువేలు. ఈ ఆరువేల కోసమేనట రోగం పెంచుకున్నది! శిక్షణలోనే నడుం విరిగి అకాడెమీ నుంచి ఇంటికెళ్లిన క్యాడెట్లు 1985 నుంచి 500 మంది దాకా ఉన్నారు. వాళ్లకు మాజీ సైనికులన్న పేరు కూడా లేదు. వాళ్లది ఏ జీవనశైలో మరి.

అప్పీలు మీద సంతకం పెట్టబోయే అధికారికి ఒక్క మనవి. ఆ ఫైలు చివరి పేజీలో బోర్డు ముద్ర ఉంటుంది, అది మీరు చదివే ఉంటారు. మొదటి పేజీ కూడా తిప్పండి సార్. భర్తీ రోజున మీ డాక్టరే రాసిచ్చిన కాగితం అక్కడ ఉంటుంది: ఛాతీ 77, పళ్లు 14, ఫిట్.