పాంపిల్ల ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం:
తెల్లని పాంపిల్ల కలదు. ఒరిజినల్. వయసు 35 దినములు. ఏమి పెట్టినా తినును. పేపర్లు లేవు. బేరము లేదు.

అవతారిక: మడకశిరలో ఒక టీకొట్టు గోడమీద, బోరు వేసేవాళ్ల కాగితానికీ చెనిక్కాయ విత్తనాల కాగితానికీ నడుమ అంటించిన గద్యమిది. కవి పేరు లేదు, ఫోన్ నంబరు ఉంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ మూలంలో ఉండాల్సినవే లేవు కనుక ఆ నియమం నాకు కుదరదు.

టీక:

తెల్లని = తెల్లగా ఉన్నట్టి. కొన్ననాటికి అని అధ్యాహారం. మాది ఎర్రనేల, వారం తిరక్కుండా కావిబట్ట కట్టినట్టవుతుంది.

పాంపిల్ల = పామ్ అనబడు కుక్క యొక్క పిల్ల, షష్ఠీ తత్పురుషం. ఇక్కడ శ్లేష ప్రమాదకరం. ఇంటికి పాంపిల్లను తెస్తున్నామని చెబితే మా అవ్వ, "దుడ్డిచ్చి పామును కొనేవాళ్లను ఇప్పుడే చూస్తా ఉండా" అని లోపల గడియ పెట్టుకుంది.

ఒరిజినల్ = అసలైనది. వివాదమంతా ఈ పదం దగ్గరే. అసలు పామరేనియన్‌ది బాల్టిక్ సముద్రపు చలిగట్టు. విక్టోరియా రాణి 1888లో ఇటలీ నుంచి చిన్నవాటిని తెచ్చుకున్నాక ఆ చిన్నతనమే ఫ్యాషనైంది. ఇప్పుడు దాని బరువు సాధారణంగా మూడున్నర కిలోలు దాటదు. మన ఊళ్లలో 'పామ్' పేరుతో పెరిగేది ఆరేడు కిలోలు తూగే ఇండియన్ స్పిట్జ్. 'ప్రేమాలయం' సినిమాలో సల్మాన్ ఖాన్ పక్కన తిరిగిన టఫీ ఈ జాతే. కాబట్టి 'ఒరిజినల్' అన్నది అబద్ధం. కానీ మనకు మేలుచేసే అబద్ధం. తరాలుగా ఇక్కడి ఎండల్లోనే పుట్టి పెరిగిన జాతి కనుక, మడకశిర ఏప్రిల్‌ను అసలుదాని కంటే నకిలీదే బాగా తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక ప్రక్షిప్తం. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో కనిపించాక ఇంటింటా పగ్ కావాలన్నారు. ఇప్పుడు షీజూ అంటున్నారు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా రొప్పుతూనే. ఈ రెండింటికిలా ముక్కు చప్పిడిదైతే గాలి ఆడక ఆ రొప్పు సాగదు. మా వీధిలో ఒక పగ్ ఉంది. మధ్యాహ్నమైతే నీళ్లకడవ కింద తడి ఇసుకలో పొట్ట ఆనించి, కాళ్లు నాలుగూ చాపి, నాలుక పక్కకు వేలేసి, గురకో మూలుగో తెలియని చప్పుడు చేస్తుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఆ ఇంటామె తడిగుడ్డతో దాని పొట్టా పాదాలూ తుడుస్తూ కూర్చుంటుంది. పొయ్యిమీద పాలు పొంగినా లేవదు.

35 దినములు = అయిదు వారాలు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గరే, తోడపుట్టిన వాటితో ఆడుతూనే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, మూడు నెలలకు రేబిస్‌ది. అవి పూర్తయ్యేదాకా వీధి మట్టిలో దించకూడదు. పార్వో వైరస్ ఆ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

ఏమి పెట్టినా తినును = నిజమే, అదే చిక్కు. సంగటిముద్దలో కోడిగుడ్డు కలిపి పెడితే తప్పులేదు. పులుసులోని ఎర్రగడ్డ మాత్రం దాని నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. ద్రాక్ష మూత్రపిండాలకు చేటు. చిన్నజాతుల్లో పాలపళ్లు ఒక్కోసారి ఊడకుండానే కొత్తవి వస్తాయి; నెలకోసారన్నా నోరు తెరిచి చూడాలి.

పేపర్లు లేవు = మూలంలో చిక్కులేని నిజం ఇదొక్కటే. ఫోన్ చేసి అడిగితే, "కుక్కకు పేపర్లేందన్నా, మీ ఆవుకు ఉండాయా?" అన్నాడు. ఇంట్లో పెంచేదానికి చెన్నైలోని కెన్నెల్ క్లబ్ కాగితం లేకున్నా పర్లేదు, తల్లిని చూడాలి. అది మోకాలిచిప్ప జారి మూడుకాళ్ల మీద గెంతుతుంటే పిల్లకూ ఆ గండం ఉండొచ్చు.

బేరము లేదు = ఉంది.

లుప్తపదాలు: మెడపట్టీ కాదు, ఛాతీకి వేసే పట్టీ కావాలి; ఈ బుల్లి కుక్కల గొంతుగొట్టం లేతది, గుంజితే నొక్కుకుపోతుంది. గొర్రెల మంద పోయిన దోవలో తిప్పి తెస్తే చెవుల వెనకా వేళ్ల సందుల్లోనూ పిడుదులు వెతకాలి. వాటితో వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. బొచ్చులో చిక్కిన పల్లేరుగాయలు అదనం.

తాత్పర్యం: "తల్లిని చూపిస్తావా?" అన్నాను. "అది బెంగళూర్లో ఉందన్నా." "ఎనిమిది వారాలన్నా కావద్దా?" అనేసరికి ఫోన్ పెట్టేశాడు.

పాఠాంతరం: మర్నాడు అదే గోడమీద 35ను నీలంపెన్నుతో కొట్టేసి '60 దినములు' అని దిద్ది ఉంది.