42 లక్షలకు 43 సలహాలు

అమెరికాలో మా హెర్న్‌డన్‌లో ఒకాయనకి ఇండియా నుంచి వారసత్వం సొమ్ము వచ్చిందంటే ఆ సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది? శుక్రవారం రాత్రి భార్య చెవిన వేస్తే, ఆదివారం మధ్యాహ్నానికి చాంటిలీ రాజధాని మందిరంలో ప్రసాదం వరుసలో ఉన్నవాళ్ళకి అంకెతో సహా తెలిసిపోతుంది. మా ఎదురింటాయన విషయంలో అదే జరిగింది. గుడివాడ దగ్గర ఎకరంన్నర పొలం, నాన్నగారి పోస్టాఫీసు డిపాజిట్లు, అన్నదమ్ముల వాటాలు పోగా ఆయనకి తేలింది 42 లక్షలు. డాలర్లలో యాభై వేలకి కాస్త తక్కువ. దాంతో ఈ ఊళ్ళో వంటగది బాగుచేయించుకోవచ్చు, ఇల్లు మాత్రం రాదు. కోట్లు వస్తే లాయరు చూసుకుంటాడు, లక్ష వస్తే గొలుసు చేయిస్తారు. ఈ మధ్యరకం డబ్బుకే ఆలోచన కావాలి.

ఆ ఆలోచించే శ్రమ ఆయనకి లేకుండా చేశారు అయినవాళ్ళు.

మొదటి ఫోను బావమరిదిది. విజయవాడలో ఉదయం ఆరు, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. "బావా, అమరావతి పక్కన రెండొందల గజాలు. రేపటిదాకా నీకోసమే ఆపించా. ఊఁ అను చాలు, టోకెన్ నేనే ఇచ్చేస్తా." ఈ బావమరిది అక్కడ 2016లోనే కొన్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినబడ్డాక చాలాకాలం ఎవరి ఫోనూ ఎత్తలేదు. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్ళీ మొదలుపెట్టగానే లేచి కూర్చుని దూరదృష్టి గల మనిషైపోయాడు. "నేను ముందే చెప్పలా?" అంటున్నాడిప్పుడు. మధ్యలో నిద్రపట్టని ఐదారేళ్ళు ఆ ఒక్క మాటలో ఎటు పోయాయో తెలీదు.

తర్వాత హైదరాబాద్ స్నేహితుడు. తెల్లాపూర్‌లో నలభై అంతస్తులట, ప్రీలాంచ్ అట, డబ్బంతా ఇప్పుడే కడితే సగం ధరట. "రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదని 2016 చట్టంలోనే ఉంది కదరా?" అని మన వారసుడు గొణిగాడు. "అందుకేగా చవక!" అన్నాడతను. ఆ వాదానికి ఏ చట్టంలోనూ జవాబు లేదు.

పోనీ నాన్న పొలం పక్కనే ఓ ఎకరం కొందామా అంటే, విదేశీ మారకం చట్టం ఫెమా అడ్డొచ్చింది. ఎన్నారైకి వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ కొనుక్కోకూడదు. మన మీద సర్కారుకి ఎంత నమ్మకమో చూడండి, నాన్న పోతేనే రైతులం.

ఇక ఫారాల వాళ్ళు వేరే. ఒకాయన 3520 పేరు చెప్పి ఆయనకి రెండు రాత్రులు నిద్రలేకుండా చేశాడు. ఆ ఫారం విదేశీ వారసత్వం లక్ష డాలర్లు దాటితేనే. ఈ ముక్క చెప్పడానికి సీపీఏ ఫీజు తీసుకుని, ఆ ఫీజు వృథా కాకుండా ఇంకో రెండు భయాలు పెట్టి పంపాడు. బయటి ఖాతాల్లో మొత్తం పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వెయ్యాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్లు కొంటే ఇక్కడి పన్నులవాళ్ళు వాటిని అనుమానంగా చూస్తారు, ఫండుకొక 8621 ఫారం నింపాల్సి రావచ్చు. ఎన్నారైల కోసం ఇండియాలో ఉండే ఎన్నార్వో ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన చదివినప్పుడు మాత్రం ఆయన ముఖం కాసేపు వెలిగింది, ఆ పరిమితి తనని ఉద్దేశించే పెట్టినట్టు.

భార్య ఓటు బంగారానికి. "ఎటు పోయినా బంగారం మునగదు," అందావిడ. ఆ మాట హెర్న్‌డన్‌లో కూర్చుని అనడమే విశేషం. ఈ ఊరికి పేరిచ్చిన కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్, కాలిఫోర్నియా గనుల బంగారం టన్నుల కొద్దీ నింపుకొస్తున్న సెంట్రల్ అమెరికా ఓడతో పాటు 1857 సెప్టెంబరు 12న తుఫానులో మునిగిపోయాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ పక్క ఓడలోకి దాటించి తను మిగిలిపోయాడు, అందుకే ఊరికి ఆయన పేరు. న్యూయార్క్ బ్యాంకులు ఎదురుచూస్తున్న బంగారం అడుగుకి పోయేసరికి, అప్పటికే మొదలైన ఆర్థిక సంక్షోభం మరింత ముదిరింది. 1988లో దాన్ని వెతికి పట్టినాయన, డబ్బు పెట్టినవాళ్ళకి లెక్క చెప్పమంటే పరారై, 2015లో ఫ్లోరిడాలో ఒక హోటల్లో దొరికాడు. ఇదంతా చెబితే ఆవిడ ఒక్కటే అడిగింది: "బంగారం దొరికిందా లేదా?" దొరికింది. "మరి?"

ఊళ్ళో అమ్మ కోరిక వేరు. నాన్న పేరున తిరుమలలో ఒకరోజు అన్నప్రసాదం. టీటీడీ వారి లెక్కలో రోజంతటికీ 44 లక్షలు. నలభై ఏళ్ళు చేలో వంగి, బస్సు ఛార్జీ మిగులుతుందని గుడివాడకి నడిచివెళ్ళిన మనిషి కూడబెట్టినదాంట్లో ఈ కొడుకు వాటా కొండమీద ఒక్క రోజుకి రెండు లక్షలు తక్కువ. మధ్యాహ్న భోజనం ఒక్కటైతే 17 లక్షలు. అమ్మ దానికే సరేనంది. అన్ని సలహాల్లోకీ తనకేమీ మిగుల్చుకోనిది ఇదొక్కటే, కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పదకొండో తరగతి చదువుతున్న కూతురు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఇండెక్స్ ఫండ్‌లో పడేసి మర్చిపోండి నాన్నా" అంది. బహుశా సరైన మాటే. కానీ ఇండెక్స్ ఫండుకి గృహప్రవేశం ఉండదు, ఫొటో పంపలేం, బావమరిదిని పిలిచి చూపించలేం. 1976లో జాన్ బోగుల్ అనే ఆయన మామూలు మదుపరుల కోసం మొదటిసారి అలాంటి ఫండు పెట్టి 15 కోట్ల డాలర్లు ఆశిస్తే, వచ్చింది కోటీ చిల్లర. మొదట్నుంచీ దానికి జాతకం అంతే.

సలహా చెప్పినవాళ్ళెవరూ అబద్ధాలకోరులు కారు. ఎవరు దేంట్లో దిగబడ్డారో దాంట్లోకే తోడు రమ్మంటారు. మనం కూడా కొంటేగానీ వాళ్ళు కొన్నది మంచిదని వాళ్ళకి నమ్మకం కుదరదు.

డబ్బింకా ఎన్నార్వో సేవింగ్స్‌లోనే ఉంది. వడ్డీ రెండు, మూడు శాతం మధ్య. అందులో ముప్పై శాతం, పైన సెస్సు, టీడీఎస్ కింద పోతుంది. బ్యాంకు మేనేజరు ఈమధ్య ఆయన్ని "సార్, మీరు మా ఫ్యామిలీ" అంటున్నాడట. యూలిప్ పాలసీ వస్తోందన్నమాట.

మొన్న మెట్రో సిల్వర్ లైన్లో ఆయన పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. తండ్రి పోయాడట, ముప్పై లక్షలు వచ్చాయట, ఏం చెయ్యాలో పాలుపోవడం లేదట. మావాడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"తొందరపడకు తమ్ముడూ. ఎన్నార్వోలో ఉంచెయ్. నేనదే చేశా."