జావనాన్న

పొద్దున్న ఏడూ పదికి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రోజూ ఓ సభ జరుగుతుంది. సభ్యులు స్కూలు బస్సు కోసం నిలబడ్డ తల్లిదండ్రులు. పిల్లలూ ఉంటారు గానీ వాళ్లు నిలబడే నిద్రపోతుంటారు కాబట్టి లెక్కలోకి రారు. కూకట్‌పల్లి ట్రాఫిక్ కరుణిస్తే బస్సు ఏడూ ఇరవైకి వస్తుంది. ఆ పది నిమిషాల్లో రాజకీయాలు రావు, క్రికెట్ రాదు. ఎవరి పిల్లలు ఏం తిని వచ్చారన్నదొక్కటే చర్చ.

ఈ సభకి ప్రధాన వక్త మా ఎదురింటాయన. జావనాన్న అని ఆయనకి మా ఆవిడ పేరు పెట్టింది. నలభై దాటని వయసు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, భుజానికి పాప బ్యాగు, ఇంకో చేతిలో మూత గట్టిగా బిగించిన స్టీలు ఫ్లాస్కు.

"ఏం పెట్టారు సార్ బాబుకి ఇవాళ?" అని ముందు మనల్ని అడుగుతారు. కచేరీకి ముందు శ్రుతి చూసుకోవడం లాంటిదది, మన జవాబుతో ఆయనకి పనిలేదు. ఓసారి అమాయకంగా "ఇడ్లీ అండీ" అన్నాను.

"తెల్లదేనా?" అన్నారు, పరామర్శకి వచ్చినవాళ్ల గొంతుతో. ఇడ్లీలో రంగులుంటాయని అప్పటిదాకా నాకు తెలీదు. "మేం బియ్యపు రవ్వ మానేశాం సార్. పాపకి పొద్దున్నే రాగిజావ. నానబెట్టి తొక్క తీసిన బాదం గింజలు అయిదు. వారానికి రెండు రోజులు కొర్రల పొంగలి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, తెలుసా మీకు? పాలల్లో అందులో సగం కూడా ఉండదు."

అంకెలు నిజమే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూసుకోవచ్చు. ఆయన చెప్పేదాంట్లో అబద్ధమనేది ఒక్కచోటే ఉంటుంది, 'పాపకి' అన్న మాట దగ్గర.

ఎందుకంటే ఆయన అలా చెబుతుండగానే పాప పై పెదవి మీద సన్నటి గోధుమరంగు మీసం కనబడుతూ ఉంటుంది. అది రాగిజావదా, లేక డబ్బాలోంచి తీసి పాలల్లో వేస్తే పాలని కూడా చాక్లెట్ చేసేసే ఆ గవ్వలదా అన్నది చూసి చెప్పలేం. భగవంతుడు రాగికీ చాక్లెట్‌కీ ఒకటే రంగు ఇవ్వబట్టి గానీ, లేకపోతే ఈ నగరంలో ఎంతమంది తల్లిదండ్రుల పరువు పోయేదో.

ఆయన పుట్టుకతో జావనాన్న కాదు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఆ ఏడే చిరుధాన్యాల ప్రచారం చేసే ఖాదర్ వలిగారికి పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడు మార్చిలోనే ఆంధ్రాలో సర్కారు బడి పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ పొయ్యడం మొదలుపెట్టారు. నాలుగు దిక్కులనుంచీ చిరుధాన్యాలు ఇలా తరుముకొస్తే మనిషన్నవాడు ఏం చేస్తాడు? కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు అయిదు గాజు సీసాల్లో వాళ్లింటికొచ్చి కూర్చున్నాయి. సీసాలకి చీటీలు అంటించారు. చీటీలు లేకపోతే ఏది ఏదో కొన్నాయనకీ తెలీదు, వండే ఆవిడకీ తెలీదు.

మధ్యలో ఓ నెల పెద్ద సంక్షోభం వచ్చింది. ఖాదర్ వలిగారి లెక్కలో రాగులు ఆ అయిదు సిరిధాన్యాల్లోకి రావట, తటస్థ ధాన్యమట. "తటస్థమట సార్!" అన్నారాయన లిఫ్టులో నాతో, నమ్ముకున్న నాయకుడు నామినేషన్ల ముందురోజు పార్టీ మారినట్టు. ఆ నెలంతా జావ కొర్రలతో కాచారు. పాప దాన్నీ తాగలేదు. తాగని మాట నిజమైనప్పుడు ఏదైతేనేం అనుకున్నారో ఏమో, మళ్లీ రాగుల దగ్గరికే వచ్చారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మాదీ వాళ్లదీ ఎదురెదురు తలుపులు. ఆరున్నరకి పాలప్యాకెట్ల కోసం తెరిచిన తలుపు బస్సు వెళ్లేదాకా సరిగ్గా మూసుకోదు. ఆ సందులోంచి ముందు గరిటె చప్పుడు వినబడుతుంది. ఆయనే స్వయంగా కాస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. పిండిని చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, చెయ్యి ఆపకుండా తిప్పి, చల్లార్చి, మజ్జిగా చిటికెడు ఉప్పూ కలిపి, పాప బారసాలకొచ్చిన వెండి గ్లాసులో పోస్తారు. తర్వాత ఆయన గొంతు.

"బంగారం, నాలుగు గుక్కలు."

నిశ్శబ్దం.

"పోనీ మూడు."

"రెండు. నాన్న కోసం."

"ఒక్క గుక్క. కళ్లు మూసుకో, ఏమీ తెలీదు."

ధర ఇంత తొందరగా పడిపోవడం నేను మోండా మార్కెట్లో కూడా చూడలేదు. పాప ఏడవదు, అరవదు. గ్లాసు వాసన చూసి "మట్టి" అంటుంది. అంతే.

ఏడు కొట్టగానే వాళ్లమ్మ వంటింట్లోకి వస్తుంది. "మీరు తప్పుకోండి." ఈ రెండు మాటలతో ఆ ఇంట్లో చిరుధాన్యాల సంవత్సరం ముగుస్తుంది. "బస్సెక్కేముందు తాగుతుందిలే" అని గొణుక్కుంటూ ఆయన గ్లాసులోది ఫ్లాస్కులోకి ఒంపుకుని తప్పుకుంటారు. పెనం మీద బ్రెడ్డు, బ్రెడ్డు మీద నెయ్యి, నెయ్యి మీద పంచదార, ఒక మడత. కింద ఆయన బూట్ల లేసులు కడుతుంటే, వెనక ఆవిడ జడ వేస్తుంటే, మధ్యలో పాప నోట్లోకి ముక్కలు వెళుతుంటాయి. మిగతాది లిఫ్టులో. మాది అయిదో అంతస్తు, అంతస్తుకో ముక్క. మూడో అంతస్తులో ఎవరైనా లిఫ్టెక్కితే నమలడం ఆపేసి ముగ్గురూ గోడకేసి చూస్తారు. గేటు చేరేసరికి చేతులు దులుపుకోవడం అయిపోతుంది. "రాగిజావ సార్."

నా ఇంటి సంగతి దాచి ఎదురింటిది చెప్పడం న్యాయం కాదు. మావాడు ఉప్మా తింటాడు. అంటే జీడిపప్పులు ఏరుకుని, మిగిలింది కంచం అంచులకి పూస్తాడు, దూరంనుంచి చూస్తే తిన్నట్టే ఉంటుంది. దోసెలోకి పంచదార, ఇడ్లీలోకి పంచదార, పంచదార దాచేసిన రోజు టొమాటో సాస్. పెసరట్టు పచ్చగా ఉందని ముట్టడు, పచ్చరంగు చాక్లెట్ గోళీ అయితే ముందు దాన్నే తీస్తాడు. పరీక్షల రోజు పాలల్లో ముంచిన రెండు బిస్కెట్లు, మునిగిపోయిన మూడోది చెంచాతో. రెండు నిమిషాల నూడుల్స్ నెలకొకసారే అని మాకో ఒప్పందం ఉంది. మా ఇంట్లో నెలంటే నాలుగు రోజులు.

పాలల్లో కలిపే పొడి సంగతి సరేసరి. ఇలాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' వరసలో పెట్టి అమ్మొద్దని, చట్టంలో అసలు అలాంటి రకమే లేదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పింది. మా ఆవిడ ఆ వార్త చదివి, ఇన్నాళ్లూ దీన్నా నెత్తిన పెట్టుకున్నామని డబ్బాని పై అరలోంచి కింది అరలోకి దించేసింది. ఇప్పుడు వాడికి స్టూలు లేకుండానే అందుతోంది.

ఇవన్నీ గేటు దగ్గర చెబుతానా? చెప్పను. "ఇడ్లీ" అనే అంటాను. రెండో అంతస్తావిడ "గుడ్డు లేకుండా గడప దాటనివ్వనండీ" అంటుంది. నాలుగో అంతస్తాయన "పండ్లే. నిప్పు తగిలింది ఏదీ పెట్టం" అంటాడు. ఒకరి మాట ఇంకొకరు నమ్మం. కానీ ఇంటికెళ్లాక భార్యాభర్తలం మాత్రం ఆ అబద్ధాల్నే ఒకరికొకరు అప్పజెప్పుకుని, మన పెంపకమే ఇలా తగలడిందని దిగులుపడతాం.

సంక్రాంతి ముందు జావనాన్న వాళ్లమ్మగారు ఊరినుంచి వచ్చి రెండు వారాలున్నారు. ఆవిడ వచ్చిన మూడోనాటినుంచి ఎదురింట్లో గుక్కల బేరం వినబడలేదు. రాత్రి మిగిలిన అన్నంలో పాలుపోసి తోడుపెట్టి, పొద్దున్నే దాన్ని మెత్తగా పిసికి, ముద్ద ముద్దకీ కాస్త మాగాయ తాకించి, పాపని ఒళ్లో కూలేసుకుని కథ చెబుతూ పెట్టేసేవారు. కథలో రాక్షసుడు నోరు తెరిచినప్పుడల్లా పాపా తెరిచేది. పదకొండు ముద్దలు. నేను లెక్కపెట్టాను.

ఆ రెండు వారాలూ గేటు దగ్గర జావనాన్న ఏం చెప్పారనుకున్నారు? "ఫెర్మెంటెడ్ రైస్ సార్. ప్రోబయాటిక్. పొట్టకి దాన్ని మించింది లేదు."

మనవరాలిని బస్సెక్కించడానికి దిగిన ఆ పెద్దావిడ పక్కనే ఉన్నారు. "రాత్రి అన్నం మిగిలింది నాయనా, పారేస్తామా?" అన్నారు నాతో.

పండక్కి ఆవిడ ఊరెళ్లిపోయారు. సెలవులయ్యాక మళ్లీ "నాలుగు గుక్కలు."

మా గుట్లన్నీ రట్టయింది బళ్లో. మావాడూ పాపా రెండో తరగతి. 'ఈ రోజు నేను తిన్న టిఫిన్' అని పిల్లలచేత బొమ్మలు వేయించి, పేరెంట్స్ మీటింగ్ రోజు గోడకి అంటించారు. మార్కుల సంగతి మర్చిపోయి అందరం ఆ గోడ ముందు ఎగబడ్డాం, ఓటర్ల జాబితాలో పేరు వెతుక్కున్నట్టు. గుడ్డు లేకుండా గడప దాటని అబ్బాయి చిప్స్ ప్యాకెట్ వేశాడు, దాని మీద ధరతో సహా. నిప్పు తగలని అమ్మాయి ఖాళీ కంచం గీసి కింద 'బస్ వచ్చింది' అని రాసింది. మావాడిది పాలగ్లాసులో మునిగిపోతున్న బిస్కెట్. రక్షించమని అరవడానికి దానికి నోరు కూడా పెట్టాడు.

పాప కాగితంలో తిండే లేదు. ఓ లిఫ్టు ఉంది. పక్కన 5, 4, 3, 2, 1 అని మీటలు. లోపల బుగ్గలు ఉబ్బిన పిల్ల. ఓ మూల, ఫ్లాస్కు పట్టుకుని గోడకేసి చూస్తున్న మనిషి.

జావనాన్న ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. "మీటలన్నీ కరెక్టుగా వేసింది సార్" అన్నారు చివరికి.

తర్వాతి సోమవారం బస్సు వెళ్లిపోయాక బండి కోసం సెల్లారులోకి దిగాను. స్తంభం వెనక ఆయన కారు. తలుపు సగం తెరిచి కూర్చుని, ఫ్లాస్కు మూతలోకి పోసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తాగుతున్నారు. ఆ మొహం చూశాక పాపకి ఎవరి పోలికో అడగక్కర్లేకపోయింది. నన్ను చూసి ఆగారు.

"పారబోస్తామా సార్" అన్నారు.

"రోజూనా?"

"మొదలుపెట్టిన దగ్గర్నుంచీ."

అప్పుడు గమనించాను. ఆయన పొట్ట తగ్గింది, మొహంలో కళ వచ్చింది. అంతకుముందు మెట్లెక్కితే ఆయాసపడేవారు, ఈమధ్య లిఫ్టు చెడిపోయిన రోజు నాకంటే ముందే అయిదో అంతస్తు చేరారు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో రాగిజావ ఎవరి ఎముకలకి పడుతోందో నాకు అర్థమైంది.

"రుచి బావుంటుందా?" అన్నాను.

అటూ ఇటూ చూశారు. "మట్టి సార్."

అడుగున మిగిలింది మూతలో ఒంపి నా ముందుకి చాపారు. "ఒక్క గుక్క. కళ్లు మూసుకోండి, ఏమీ తెలీదు."