నన్ను కొనేముందు దొడ్డి కొలిచారు

నేను ఇనుప ఉయ్యాలను. చివ్వెంలలో ఒక ఇంటి వెనక దొడ్లో, వేపచెట్టుకు ఎడంగా, నాలుగు కాళ్ళు భూమిలో పాతుకుని నిలబడ్డాను. నా అడ్డదూలం పొడవు పదడుగులు, ఎత్తు ఏడడుగులు. ఉన్నవి రెండు పీటలు. ఒకటి ఎనిమిదేళ్ళ మనుమరాలిది, ఒకటి మూడేళ్ళ మనుమడిది. జారుడుబండ లేదు, ఎక్కే మెట్లు లేవు, పైన రంగుల గొడుగూ లేదు. ఇంత సాదాగా ఎందుకున్నానో తెలియాలంటే నేను పుట్టకముందు ఈ ఇంట్లో జరిగిన చర్చ తెలియాలి. ఆ మాటలన్నీ తర్వాత నా పీటల మీద కూర్చుని వాళ్ళే చెప్పుకుంటుంటే విన్నాను.

మా మండలంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. 2025 ఫిబ్రవరి జాతరకు ఇంటిల్లిపాదీ పోయారు. భేరీల మోత, గజ్జెల లాగులు తొడుక్కుని ‘ఓ లింగా’ అంటూ గట్టెక్కే జనం, అదంతా పెద్దవాళ్ళ కళ్ళు నింపింది. పిల్లలు మాత్రం రంగులరాట్నం దగ్గరే ఆగిపోయారు. ఇంటికొచ్చాక పిల్ల తాత దగ్గర చేరి, మనింట్లోనే ఊగేది ఒకటి పెట్టమని పట్టు పట్టింది. తాతకు అది చాలా మామూలు కోరికగా తోచింది. ఆయన చిన్నప్పుడు చెలక గట్టున చింతచెట్టుకు బండి మోకు వేసి ఊగినవాడు. మోకు మడతలో గోనెసంచి పెడితే అదే పీట. ఇప్పుడు ఆ చెట్టు లేదు. దొడ్లో ఉన్న వేప ఇంకా లేతది, దాని కొమ్మ పిల్లల బరువు మోయదు. అందుకే కొనాలన్న మాట వచ్చింది.

తండ్రి మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తాడు. సూర్యాపేటలో ఒక బొమ్మల దుకాణంలో ప్లాస్టిక్ సెట్టు చూసొచ్చాడు. ఉయ్యాల, జారుడుబండ, బాస్కెట్‌బాల్ రింగు, అన్నీ ఒక్కదాంట్లోనే. ఫొటో చూసి పిల్లలు గంతులేశారు. తల్లి గవర్నమెంటు బడిలో టీచరు, ప్రతిదీ అడిగి తెలుసుకోనిదే ముందుకు పోదు. ఎంత బరువు ఆగుతుందో రాసుందా అని అడిగింది. చిన్నవాడికి సరిపోతుంది, పెద్దదానికి రెండేళ్ళలో చాలకుండా పోతుంది. ఆమెకు ఇంకో భయం కూడా ఉంది. మా సూర్యాపేట ఎండ మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది. నాసిరకం ప్లాస్టిక్ ఆ ఎండకు రెండు వేసవులు కాగితే పెళుసుబారుతుంది. అప్పుడు విరిగేది ఊగుతున్న పిల్ల కిందే. నాలుగేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి, నీడ ఉన్న వరండాలో, అలాంటి చిన్న సెట్టు మంచిదే అంటాను నేను. ఈ ఇంటికి అది కుదరలేదు, అంతే.

డాలస్‌లో ఉన్న మేనమామ ఫోన్ చేసి దేవదారు కర్ర సెట్టు గురించి చెప్పాడు. అక్కడ ఇళ్ళ వెనక పచ్చిక మీద అవే ఎక్కువట. చిన్న అటక, దానికి నిచ్చెన, పక్కన ఉయ్యాలలు. డబ్బు తానే పంపుతానన్నాడు. తాత దానికి ఒక్క మాటే అడిగాడు: “మన భూమిల చెదలున్నయి, దానికేం జేస్తడట?” టేకు దూలం మీద కూడా ఆయనకు మనసుంది కానీ, మట్టిలో దిగే కాళ్ళకు మా నేలలో కర్ర నిలవదని ఆయనకు అనుభవం. పందిరి గుంజలు ఎన్నిసార్లు మార్చాడో!

మేనమామ డబ్బు కన్నా మంచిది ఇంకొకటి పంపాడు. అమెరికాలో పిల్లల ఆట సామాన్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, కన్జ్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్. వాళ్ళు ఇంటి దొడ్లో పెట్టుకునే ఆట సామాన్ల గురించి ఒక పుస్తకం వేశారు. అందులోని కొలతలు అక్కకు చదివి వినిపించాడు. “అక్కా, ఏది కొనాల్నో తర్వాత సూద్దాం. ముందు దొడ్డి కొలువురి,” అన్నాడు.

నా పుట్టుకలో అసలు సంగతి అదే. ఉయ్యాల కొనేవాళ్ళందరూ ఉయ్యాలనే చూస్తారు. రంగు చూస్తారు, పీట చూస్తారు, గొలుసు లాగి చూస్తారు. పిల్ల ఉయ్యాల మీద ఉన్నంతసేపూ క్షేమమే, దెబ్బ తగిలేది ఉయ్యాల వదిలిన తర్వాత. జారి పడేది నేల మీద, దూకి తగిలేది గోడకు, ఎగిరొచ్చే పీట కొట్టేది ముందు నుంచి నడిచిపోతున్న తమ్ముడి నుదుటికి. కాబట్టి ముందు చూడవలసింది నేను నిలబడే చోటు.

ఒక ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని తల్లీ తాతా దొడ్లోకి దిగారు. లెక్క ఇలా ఉంటుంది: దూలం ఎంత ఎత్తుంటే ముందుకు దానికి రెండింతలు, వెనక్కి రెండింతలు ఖాళీ ఉండాలి. పక్కలకు ఆరేసి అడుగులు. తాత మొదట తొమ్మిదడుగుల ఎత్తు కావాలన్నాడు, ఊపు బాగుంటుందని. తొమ్మిదికి ముందు పద్దెనిమిది, వెనక పద్దెనిమిది. దొడ్డి పొడవు ముప్పై రెండడుగులే. ఏడడుగులైతే పధ్నాలుగూ పధ్నాలుగూ ఇరవై ఎనిమిది, సరిపోతుంది. “గంతేనా ఎత్తు!” అని ఆయన నిట్టూర్చాడు. కోడలు టేపు చుట్టకుండానే, “ఎత్తు పెరిగితే పడే ఎత్తు కూడా పెరుగుతది మామయ్యా,” అంది. ఆయన మళ్ళీ ఎత్తు మాట ఎత్తలేదు.

తర్వాత తీసేయవలసినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. బట్టలారేసే తీగ సరిగ్గా ఊగే దారిలో మెడ ఎత్తున ఉంది. దాన్ని ఇంకో గోడకు మార్చారు. బోరు పక్కన సిమెంటు దిమ్మె ఉంది. దానికి దూరంగా జరగాలంటే వేప వేళ్ళు అడ్డం. చివరకు వేపకు తూర్పున చోటు కుదిరింది. సాయంత్రం, బడి వదిలాక పిల్లలు ఊగే వేళకు, పడమటి ఎండకు అడ్డంగా చెట్టు నీడ నా మీదికి వస్తుంది. జారుడుబండ మాట అప్పుడే విరమించుకున్నారు. రేకు జారుడుబండ మా ఎండలో పిల్లల తొడలు కాలుస్తుంది. అది దిగే చోట మళ్ళీ ఆరడుగుల ఖాళీ కావాలి, అంత చోటు లేదు. పిల్ల రెండు రోజులు అలిగింది.

ఆ తర్వాతే వెల్డింగ్ షాపుకు పోయారు. షాపులో పైపులు గోడకు వరుసగా నిలబెట్టి ఉంటాయి. జీఐ పైపు మీద రంగు పట్టీ ఉంటుంది: పసుపు పట్టీ లైటు, నీలం పట్టీ మీడియం, ఎరుపు పట్టీ హెవీ. రెండంగుళాల పైపులో మీడియం గోడ మందం 3.6 మిల్లీమీటర్లు. కంటికి అన్నీ ఒక్కలాగే కనబడతాయి, చేత్తో లేపితేనే తేడా తెలుస్తుంది. ఇంటివాళ్ళు నీలం పట్టీవి మూడు ఎంచారు. ఒక్కోటి దాదాపు ఇరవై అడుగులుంటుంది. రెండింటిని సగానికి కోసి నాలుగు కాళ్ళు చేశారు. మూడోదాంట్లో సగం నా దూలమైంది, మిగిలిన సగం కాళ్ళ మధ్య అడ్డకమ్మీలుగా మారింది.

ఆ దూలం పదడుగులు ఎందుకో కూడా చెప్పాలి. పీట ఒకటిన్నర అడుగు వెడల్పు. రెండు పీటల మధ్య రెండడుగులు, పీటకూ కాలుకూ మధ్య రెండున్నర అడుగులు ఉంటే ఊగేటప్పుడు ఒకటినొకటి తాకవు. కూడితే సరిగ్గా పది. మూడో పీట వేయించుకోమని మేస్త్రీ అడిగాడు, వద్దన్నారు.

జీఐ పైపు వెల్డింగ్ చేసేటప్పుడు జింకు పూత కాలి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మేస్త్రీ అతుకుల దగ్గర పూతను ముందు గ్రైండరుతో గీకేసి, గాలికి ఎదురు నిలబడకుండా పక్కకు తిరిగి వెల్డింగ్ చేశాడు. పూత పోయిన ఆ అతుకులకే ముందు తుప్పు పడుతుంది. అందుకే ప్రతి అతుక్కూ జింకు ప్రైమరు వేసి, పైన రంగు వేశాడు. గొలుసు తగిలించే చోట ఉత్త కొక్కెం వేయకుండా బేరింగు బిగించాడు. ఇనుము మీద ఇనుము రాసుకుంటే లోపల అరిగేది పైకి కనబడదు, ఒకరోజు తెగిన తర్వాతే తెలుస్తుంది. కొక్కేల నోళ్ళు సుత్తితో కొట్టి పూర్తిగా మూసేశాడు, పిల్ల గౌను అంచు చిక్కకుండా. గొలుసులకు నీళ్ళ పైపు ముక్కలు తొడిగారు, పట్టుకున్న వేళ్ళు కడియాల మధ్య నలగకుండా. పీటలు రబ్బరువి. చెక్క పీట తలకు తగిలితే ఏమవుతుందో టీచరమ్మ బడిలో ఒకసారి చూసింది.

చోటు చాలడం ఒక్కటే కాదు, నేల మెత్తగానూ ఉండాలి. గడ్డి సరిపోదు. పిల్లల కాళ్ళ రాపిడికి నెల రోజుల్లో అరిగిపోయి కింద గట్టి నేల తేలుతుంది. తండ్రి మిల్లు నుంచి ఊక తెస్తానన్నాడు. మిర్యాలగూడలో ఊకకు కొదవ లేదు. ఒక తట్ట పోసి చూశారు. గాలికి సగం పక్కింటి వాకిట్లోకి పోయింది, మిగిలింది పిల్లల కాళ్ళకు అంటుకుని దురద పెట్టింది. అప్పుడు ఏటి ఇసుక తెప్పించారు. అడుగు లోతు తవ్వి, అంచులకు ఇటుకలు కాకుండా పాత లారీ టైర్ల ముక్కలు పాతి, ఇసుకతో నింపారు. నా కాళ్ళు దిగిన సిమెంటు కాంక్రీటు కూడా నేలకు నాలుగంగుళాల కిందే ఆగింది, పైన మట్టి కప్పారు. వానకు తడిసిన ఇసుక గట్టిపడుతుంది కాబట్టి తాత వారానికోసారి పారతో తిరగేస్తాడు. రాత్రిళ్ళు పాత టార్పాలిన్ కప్పుతాడు, లేకపోతే పిల్లులు పాడుచేస్తాయి.

పాత కాలపు ఉయ్యాలల్లో ఈ శ్రద్ధ లేదు. ఇంగ్లండులో కెటరింగ్ అనే ఊళ్ళో చార్లెస్ విక్‌స్టీడ్ అనే ఇంజనీరు పిల్లల కోసం పార్కు కట్టి 1921లో తెరిచాడు. మొదట కర్ర దుంగలు గొలుసులతో కట్టి ఒక్క పండుగ కోసం ఉయ్యాల వేశాడు. పిల్లల ఆనందం చూసి తీసేయబుద్ధి కాలేదు, తర్వాత వాటిని తయారు చేయడమే పనిగా పెట్టుకున్నాడు. ఆయనంటే నాకు గౌరవం. ఉయ్యాల ఇచ్చినవాళ్ళు వచ్చారు కానీ, దాని కింద నేల ఎలా ఉండాలో లోకం ఆలోచించడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నా రోజులు నిండుగా గడుస్తున్నాయి. పిల్ల పీట గొలుసు ఐదున్నర అడుగులు. పోయి రావడానికి రెండున్నర సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆమె కూర్చున్నా, వాళ్ళ నాయనమ్మ కూర్చున్నా అదే సమయం, బరువుతో పని లేదు. తమ్ముడి బకెట్ పీట గొలుసు కాస్త పొట్టి, అందుకే వాడు అక్కకన్నా ముందు తిరిగొస్తాడు. “నేనే ఫస్టు!” అని అరుస్తాడు. పిల్ల అరవై డిగ్రీల దాకా ఊగి కిందికొచ్చే క్షణంలో నా దూలం మీద ఆమె బరువుకు రెట్టింపు పడుతుంది. నీలం పట్టీ పైపు విలువ నాకు అప్పుడు తెలుస్తుంది. బతుకమ్మ సెలవుల్లో వాడలోని ఆడపిల్లలంతా ఇక్కడే. తంగేడు పూలు ఒళ్ళో పోసుకుని, వంతులేసుకుని, పాడుతూ ఊగుతారు. ఒక పీట మీద ఇద్దరు కూర్చోవద్దని నాయనమ్మ అరుగు మీది నుంచి కేకేస్తూనే ఉంటుంది.

మే నెల మధ్యాహ్నం మాత్రం నన్ను ఎవరూ ముట్టుకోరు. నెలకోసారి తండ్రి స్పానరు తెచ్చి నట్లన్నీ బిగిస్తాడు, బేరింగుల్లో గ్రీజు పెడతాడు, కొక్కేలను వేలితో తడిమి అరుగుదల చూస్తాడు. పిల్ల పొడుగైంది. మొన్ననే గొలుసు రెండు కడియాలు పైకి ఎత్తాడు.

మొన్న పక్క వీధి ఆయన వచ్చాడు. ఆయనకూ ఇద్దరు మనుమలు. నా చుట్టూ తిరిగి, దూలం తట్టి, “అన్నా, గిట్లాంటిదే చేయించాలె, ఎంతయింది?” అని అడిగాడు. తాత ఖరీదు చెప్పలేదు. టేపు తీసుకుని ఆయన వెంట వాళ్ళింటికి పోయాడు. తిరిగొచ్చాక కోడలికి చెప్తుంటే విన్నాను: దొడ్డి పొడవు ఇరవై రెండడుగులే, ఒక చివర మరుగుదొడ్డి గోడ ఉంది. ఐదడుగుల ఎత్తులో చిన్నవాడికి ఒక్క బకెట్ పీట పెడితే సరిపోతుందన్నాడట. పెద్దవాడిని సాయంత్రాలు ఇక్కడికే పంపమన్నాడట. ఇసుక కూడా మన ట్రాక్టరాయనకే చెప్పాడట, వచ్చే వారం దింపుతాడు.