డిఫెన్సు వకీలు దండం

ఎస్సై గారూ! తమకు సెల్‌ఫోన్ ఫోరెన్సిక్స్‌లో శిక్షణ పూర్తయిందని తెలిసి ఇంట్లో పాయసం చేయించాను. ముప్పై ఏళ్లుగా ముద్దాయిల తరఫున నల్లకోటు తొడుగుతున్నవాణ్ణి, నా ఆనందం తమకు వేరే చెప్పాలా?

శిక్షణ అంటే అదీ! పదకొండింటికి జ్యోతి ప్రజ్వలనం, ఒంటిగంటకు బిర్యానీ, మూడింటికి గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్లు. మధ్యలో రెండు వందల మందికి కలిపి ఒకే ఫోన్ చూపించారట. విశ్వరూపం అర్జునుడికే కనపడ్డట్టు అది మొదటి వరుసకే కనపడిందట.

అయినా ఏకసంథాగ్రాహి తమరు. దొరికిన ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిగ్నల్ అందని ఫారడే సంచిలో వేయడం మామూలు మనుషుల పద్ధతి. తమరు వాట్సాప్ తెరిచి, ఫ్యామిలీ గ్రూపుతో మొదలుపెట్టి సాంతం చదివారు. పంచనామాలో ఫోన్ పట్టుకున్నది నాలుగుంపావుకి. అవతలివాళ్లకు నీలి టిక్కులు పడ్డది ఆరున్నరకి. ఆ రెండుంపావు గంటలే మావాడి ఇంజనీరింగ్ ఫీజు.

ఆ తరవాత చార్జింగ్ అయిపోతుందని ఫోన్ స్విచాఫ్ చేశారు చూడండి, ఆ చేతికి కంకణం తొడగాలి. ఒకసారి లాక్ తీసి, ఆన్‌లో ఉంచిన ఫోన్‌లో డేటా తాళంచెవులు మెమరీలో ఉంటాయి. ఆఫ్ చేస్తే అవి పోతాయి. మళ్లీ పాస్‌కోడ్ కొట్టేదాకా చాలా భాగం ఎన్‌క్రిప్షన్‌లోనే. ఇజ్రాయెల్ నుంచి తెప్పించిన సెల్లెబ్రైట్ యంత్రం కూడా అక్కడ చాలాసార్లు తల గోక్కోవాల్సిందే. ఐఓఎస్ 18.1 నుంచి ఐఫోన్, 72 గంటలు లాక్ తీయకపోతే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఆపిల్‌వాడికి మూడు రోజులు పట్టే పని తమరు మూడు సెకన్లలో ముగించారు.

ఇక ఫోన్ సాక్ష్యానికి జత చేయాల్సిన సర్టిఫికెట్. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం దానికి రెండు భాగాలు: ఒకటి రికార్డు దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. రెండింటిలోనూ హ్యాష్ వాల్యూ రాయాలి. అది డేటాకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మొత్తం మారిపోతుంది. ఆ గడిలో తమరు ‘రూ.18,000’ అని రాశారు. ఫోన్ ఖరీదు కాబోలు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

ఈ కేసులో డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ మాస్టారు కోర్టు వరండా బెంచీ మీద కూర్చుని ఉంటారు. నేను అటు వైపు నుంచి వెళ్లను, అంతే.

ఆ శిక్షణలో తమ వెనక వరుసలో ఒక కానిస్టేబులమ్మ లేచి, ‘‘స్టేషన్‌లో ఫారడే సంచి లేకపోతే ఏం చేయాలి సార్?’’ అని అడిగిందట. నోట్సు కూడా రాసుకుందట. విని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మొన్న ఆమెను జాతర బందోబస్తుకు వేశారని తెలిసింది. తమ పైవాళ్లు నూరేళ్లు చల్లగా ఉండాలి.