టైటిల్ క్లియరేనా సారూ?

మొయినాబాద్ మండలం సురంగల్‌లో నాకు స్టూడియో ఉందంటే సిటీ మిత్రులు ఫామ్‌హౌస్‌ను ఊహించుకుని అసూయపడతారు. నిజానికి అది కోళ్ల ఫారం. కోళ్లు ఖాళీ చేశాక నేను దిగాను. వాటి వాసన మాత్రం ఇంకా ఖాళీ చేయలేదు.

అయినా సరే, బొమ్మలు వేసేవాడికి ఇంతకన్నా మంచి జాగా దొరకదు. ఎండ నేరుగా పడితే కోళ్లు తట్టుకోలేవని షెడ్డును తూర్పు పడమరలుగా పొడుగ్గా కడతారు. దాంతో ఉత్తరం వైపు ఈ చివర నుంచి ఆ చివరి దాకా జాలీయే. పొద్దంతా పెద్దగా మారకుండా, కళ్లలో గుచ్చకుండా వచ్చే ఆ ఉత్తరపు వెలుతురు కోసం యూరప్ చిత్రకారులు వందల ఏళ్లుగా ప్రత్యేకంగా కిటికీలు పెట్టించుకున్నారు. నాకది బ్రాయిలర్ కోడి పుణ్యాన దొరికింది.

ఇక పని సంగతి. బొమ్మ వేయడానికి ముందు గుడ్డ బిగించాలి. చట్రానికి నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కో స్టేపుల్ కొట్టి, అక్కణ్నుంచి మూలల వైపు జరగాలి. ఒక కొస నుంచి వరసబెట్టి కొట్టుకుపోతే ముడత పడుతుంది, ఇక దాన్ని దేవుడు కూడా తీయలేడు. ఆపైన జెస్సో పూత, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దుడు, మళ్లీ అడ్డంగా పూత, మళ్లీ రుద్దుడు. పక్క ప్లాట్‌లో ఇల్లు కడుతున్న మేస్త్రి వారం రోజులు జాలీలోంచి చూసి, ఉండబట్టలేక అడిగాడు: "సారూ, లప్పం మంచిగనే పెడుతున్నరు గానీ, రంగులెప్పుడేస్తరు?"

రంగులేశాక అసలు కష్టం మొదలవుతుంది. ఆయిల్ రంగు తడి బట్టలాగా ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలోంచి ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడాలి. పల్చటి పూతకే రోజులు పడతాయి. ఈలోగా తొలకరి పడిందా, ట్యూబ్‌లైట్ కోసం వచ్చిన ఉసిళ్లన్నీ బొమ్మ మీదే దిగుతాయి. రాత్రంతా పట్టకారు పట్టుకుని ఒక్కో రెక్కా ఏరుతాను. ఏరగా మిగిలినవి ఆకాశంలో ఉండిపోతాయి. ఒకసారి ఎగ్జిబిషన్‌లో ఒకాయన కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూసి, "మిక్స్‌డ్ మీడియా చాలా సటిల్‌గా వాడారు" అన్నారు. వినయంగా తల వంచాను. 2017లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో, నెల్సన్-అట్కిన్స్ మ్యూజియం వాళ్లకు వాన్ గో 1889 నాటి 'ఆలివ్ చెట్లు' బొమ్మ రంగులో ఇరుక్కున్న మిడత ఒకటి కనిపించింది. ప్రపంచమంతా వార్త అయింది. ఒక్క మిడతకే అంత పేరొస్తే, నా బొమ్మల్లో ఊరేగింపులే ఉన్నాయి.

బొమ్మ పూర్తయితే గుమాస్తా పని. ఫొటో తీయాలి, 300 డీపీఐకి మార్చాలి, ఎగ్జిబిషన్ వాళ్లడిగిన ఎంబీల్లోకి కుదించాలి. దానికో స్టేట్‌మెంట్ రాయాలి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లంటే నాకు ప్రాణం. రోడ్డు వెడల్పులో పోతాయని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లిన చెట్లవి. "చెట్టు బాగుంది, అందుకే వేశాను" అని రాస్తే దరఖాస్తు చెల్లదు. "భూమికీ స్మృతికీ స్థానభ్రంశానికీ మధ్య నిరంతర సంభాషణ" అని రాయాలి. చెట్టుకు పట్టిన రోజులకన్నా ఆ వాక్యానికి పట్టిన రోజులే ఎక్కువ. విదేశీ రెసిడెన్సీలకూ ఇదే తంతు. దరఖాస్తు పంపిన వెంటనే పక్కనున్న చిలుకూరు వెళ్లి వీసా బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వస్తాను. కోరిక తీరితే 108 చేయాలి. స్వామి ఇంతవరకు నా మోకాళ్ల మీద దయతోనే ఉన్నాడు.

మరి తిండెలా? ఊరు పెడుతుంది. ట్రాలీ వెనక కొడుకు పేరు రాయమంటారు, మండపానికి నెమలి వేయమంటారు. సర్పంచ్ ఎన్నికలొస్తే ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్. గోడ తడి ఆరకముందే చేతిలో డబ్బు పడుతుంది. నా జీవితంలో ఉంగరం అంత నిజాయితీగా డబ్బులిచ్చిన బొమ్మ లేదు. ఇందులో నామోషీ ఏమీ లేదు, పెద్దల బాటే. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేశారు. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ సైన్‌బోర్డులు రాస్తూ మొదలుపెట్టారు. తోట వైకుంఠం బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారు, 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. వాళ్లందరితో నాకు పోలిక ఇంతవరకే. ఇక్కడి నుంచి వాళ్లు పైకి వెళ్లారు, నేను ట్రాలీల దగ్గరే ఉన్నాను.

గ్యాలరీలో అమ్ముడుపోతే సగం వాళ్లకి, సగం మనకి. ఈ మాట మా షెడ్డు ఓనర్ కాకకు చెప్పాను.

"అంటే పాలుకిచ్చినట్టు" అన్నాడు ఠక్కున. "మరి విత్తనం, ఎరువుల ఖర్చన్న సగం పెడ్తరా?"

"లేదు కాకా. గుడ్డా నాదే, రంగులూ నావే, ట్రాలీ ఆటో కిరాయీ నాదే."

"గిదేం పాలు సారూ!" అని నా తరఫున కాసేపు బాధపడ్డాడు.

ఫామ్‌హౌస్ గిరాకీ ఉంటుందిగా అంటారా? ఉంది. మా దగ్గర శని, ఆదివారాలు కార్లకు కొదవ లేదు. ఒక ఫామ్‌హౌస్ యజమాని వచ్చి మర్రిచెట్లన్నీ శ్రద్ధగా చూసి, వాస్తుకు ఏడు గుర్రాలు కావాలన్నాడు. పరిగెత్తాలట, ముఖాలు ఇంట్లోకి ఉండాలట, కోపంగా ఉండకూడదట. రేటు చెప్పాను. ఆయన సిద్ధాంతికి ఫోన్ చేసి, పక్కకెళ్లి మాట్లాడి వచ్చాడు. "బేసి సంఖ్య అయితే చాలంట. ఐదు గుర్రాలకెంత?"

2025 సెప్టెంబర్ 22 నుంచి చేత్తో వేసిన చిత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. మిత్రులు ఫోన్ చేసి మరీ అభినందించారు. సున్నాకు 12 శాతమైనా 5 శాతమైనా ఒకటేనని వాళ్లకు లెక్కల్లో చెప్పాల్సి వచ్చింది.

లెక్కలంటే గుర్తొచ్చింది. మన దేశంలో బొమ్మకు చదరపు అంగుళం లెక్కన ధర కట్టడం మామూలే. అంగుళంలో ఆకాశముందా, మనిషి కన్నుందా అని ఎవరూ అడగరు. ఈ రహస్యం కాక చెవిన పడింది. గజమంటే 36 అంగుళాలు, చదరపు గజమంటే 1296. మూడడుగుల చదరపు బొమ్మ కరెక్టుగా ఒక గజం జాగా. కాక ఫోన్ తీసి, నా రేటు 40 రూపాయలతో గుణించి, 51,840 చూసి, చాప మీద కూలబడ్డాడు.

"మా ఊరి గజం కన్న ఎక్కువే గద సారూ!"

అప్పటిదాకా నన్ను కిరాయిదారుగా చూసిన మనిషి, అప్పుడు భూస్వామిగా చూశాడు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గం వేస్తూ 1996లో వచ్చిన జీవో 111ను సర్కారు 2022లో సడలించింది. అయినా ఇక్కడ బేరం దాని ప్రస్తావన లేకుండా సాగదు. కాక గొంతు తగ్గించి అడిగాడు.

"ట్రిపుల్ వన్ల లేదు గద?"

"లేదు."

"అన్నదమ్ముల పంచాయితీ?"

"ఏం లేదు."

"టైటిల్ క్లియరేనా మరి?"

"అన్‌టైటిల్డ్ కాకా. వెనక రాసే ఉంది చూడు."

కాక చాప మీంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. టైటిల్ లేని ఆస్తిని యాభై రెండు వేలకు ఎవడు కొంటాడని నిలదీశాడు. ఎవరూ కొనడం లేదన్నాను. "మరి గదే చెప్తున్న" అన్నాడు. ఇన్నేళ్లుగా ఏ విమర్శకుడూ నా సమస్యను ఇంత సూటిగా చెప్పలేదు.

పోతూ పోతూ ఒక సలహా కూడా పడేశాడు. గ్రూప్ షోల్లో నా బొమ్మను ఎప్పుడూ మూలన, మంటలార్పే సిలిండర్ పక్కనే వేలాడదీస్తారని విని, దానికి ఏడుస్తున్నందుకు నన్నే తిట్టాడు. వచ్చే నెల షోకి ధరల పట్టిక పంపాను. టైటిల్ పెట్టాను, రేటు పెంచాను, పక్కన బ్రాకెట్లో 'కార్నర్ బిట్' అని కూడా రాశాను.