దీపాలదిన్నె బ్రాంచీలు

మ్యూజియం విస్తరణ అనగానే మన ఆఫీసర్లు కంగారుపడతారు గానీ, ఆ విద్యలో అమరావతిని మించిన ఊరు లేదు. నేను చెప్పేది పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న పాత అమరావతి గురించి. రాజధాని అమరావతి వేరు, దాని విస్తరణ రాయడానికి ఈ కాలమ్ చాలదు. పాత ఊళ్లో కేంద్ర పురావస్తు శాఖ వారి చిన్న మ్యూజియం 1951 నుంచీ ఉంది. దాని బ్రాంచీలు చెన్నై ఎగ్మూరులో, కోల్‌కతాలో, లండన్‌లో ఉన్నాయి. హెడ్డాఫీసు చిన్నది, బ్రాంచీలు పెద్దవి. ఏ చిట్‌ఫండ్ కంపెనీ కూడా ఈ లెక్కన ఎదగలేదు.

పైగా ఇదంతా డీపీఆర్ లేకుండా, టెండరు పిలవకుండా జరిగిపోయింది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి విడిచి ఇక్కడ కొత్త పట్నం కట్టించుకుంటున్నారు. పక్కనే పాత బౌద్ధ స్తూపం పూడిపోయిన దీపాలదిన్నె. తవ్వితే ఇటుక, ఇంకా తవ్వితే చెక్కిన రాయి. ఊరికే దొరుకుతుంటే క్వారీకి ఎవరు పోతారు? సర్వే దొర కర్నల్ మెకంజీ ఒకసారి చూసిపోయి 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ కోనేరు తవ్వి ఉంది. విస్తరణ మొదటి విడత లోతులోకి సాగిందన్నమాట.

రెండో విడత బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ దొరది. కొన్ని ఫలకాలు బందరు తరలించి బజారు మధ్య దిబ్బగా పేర్పించాడు. దానికి ఆయన పేరే నిలిచింది. సుందరీకరణ అనే మాట అప్పటికింకా రాలేదు గానీ, పని వచ్చేసింది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో దొర తవ్వించి మద్రాసు పంపిన రాళ్లు అక్కడ ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరినవి గుర్రపు బండ్ల షెడ్డులో పడుకున్నాయి. 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు చూసేదాకా వాటి అడ్రసు ఎవరికీ పట్టలేదు. స్టోర్‌రూము కొరత మనకే ఉందనుకుని కుంగిపోయే ఉద్యోగులు ఇది చదివి ఊరట చెందాలి.

ఆ రాళ్లు 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఇప్పుడు అక్కడ 120కి పైగా ఉన్నాయి. 1992లో ఒక జపాను పత్రిక సొమ్ముతో అద్దాల వెనక, తేమ లెక్కగట్టిన గదిలో వాటిని నిలబెట్టారు. పల్నాటి సున్నపురాయికి జపాను పత్రిక ఏసీ పెట్టించింది. మన పత్రికలు సంపాదకీయాలు రాశాయి.

ఇక మన వంతు. రేపెప్పుడో కమిటీ వేస్తారు గనక, శ్రమ తగ్గిద్దామని డీపీఆర్ నేనే రాసిపెట్టాను. అట్ట మీద నీలాకాశం, అద్దాల గోడ, బెలూను పట్టుకున్న పాప, కుక్కను తిప్పే దొరసాని. ఈ బొమ్మ ఏ ఊరి ప్లానుకైనా సరిపోతుంది, ఊరి పేరు మారిస్తే చాలు. లోపల ఫుడ్‌కోర్టు, సెల్ఫీ పాయింటు, 300 కార్లకు పార్కింగు. శిల్పాలను ఎనిమిదో పేజీలో ‘ఇతరములు’ కింద చేర్చాను.

హాలు మధ్యలో నలగిరి అనే ఏనుగు ఉంటుంది. అసలు ఫలకం చూశారా? గుండ్రటి రాతిలో మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనిషిని తొండంతో లాగుతుంటుంది. ఆడవాళ్లు హడలిపోతుంటారు, మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. పక్కనే అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. సినిమాకి చాలినంత కథను ఒక్క ఫలకంలో చెక్కి పోయాడు ఆ శిల్పి. పేరు కూడా చెప్పుకోలేదు. అది ఉన్నది ఎగ్మూరులో. అమరావతి బడిపిల్ల చూడాలంటే చెన్నై రైలెక్కాలి. అందుకని నా ప్లానులో హోలోగ్రాం పెట్టాను. కరెంటు ఉన్నంతసేపు ఏనుగు ఉంటుంది.

ఒక చిక్కుంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కూడదని చట్టం. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. చట్టం మంచిదే, 18వ శతాబ్దంలో వచ్చుంటే ఇంకా మంచిది. స్తూపం పక్కకు జరగదు గనక ఆకాశంలోకే విస్తరించాలి. ఆ దారి మనవాళ్లు ముందే కనిపెట్టారు. ధ్యానబుద్ధుడు 125 అడుగుల విగ్రహమై లేచి కూర్చున్నాడు. ఆయనకు తోడు ఒక వ్యూయింగ్ టవరు వేశాను.

సిబ్బంది పద్దు ఒక్కటే తేలలేదు. రాయిని చదివి పిల్లలకు తెలుగులో చెప్పగల మనిషికి జీతం రాయబోతే, అది పెట్టుబడి వ్యయంలోకి రాదట. గోడకు డబ్బు ఇస్తారు, గోడ పక్కన నిలబడేవాడికి ఇవ్వరు. ఆ గడిలో ‘అవుట్‌సోర్సింగ్’ అని రాసి ఊరుకున్నాను. టచ్‌స్క్రీను పెడతాం. అది పాడైనప్పుడు దాని మీద తువ్వాలు కప్పడానికి మనిషి కావాలి, అతన్ని మాత్రం పర్మనెంటు చేస్తాం.

ప్రారంభోత్సవానికి పంచాంగం కూడా చూపించాను. అంత బలమైన ముహూర్తం శుక్రవారం నాడే ఉందన్నారు సిద్ధాంతిగారు. పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ముందు భయపడ్డాను గానీ, మంత్రిగారి కార్యక్రమం చూస్తే శిలాఫలకం ఆవిష్కరణ, ఫుడ్‌కోర్టు రిబ్బను, భోజనాలు అని ఉంది. లోపలికి వెళ్లే పని ఎక్కడా లేదు, కాబట్టి తేదీ మార్చలేదు.